మిద్దె తోటలో తేనెటీగల పెట్టె పెట్టడం తప్పా?

పాదులమిద్దె: విజయవాడలో మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద 40 కుండీలున్నాయి. రెండేళ్ళుగా బీర, సొర, దోస పిందెలు పసుపు తిరిగి రాలిపోయేవి. జనవరిలో నాటు తేనెటీగల పెట్టె తెచ్చాను. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఇప్పుడు కాయ నిలుస్తోంది. అసోసియేషన్ వాళ్ళేమో తీసేయమంటున్నారు.

నల్లరేగడి: పెట్టె వల్లే నిలిచిందని ఎలా చెబుతారండీ? సొరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. దానికి ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగులే దిక్కు. మగపువ్వు కోసి, రేకలు ఒలిచి, అడుగున పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దండి, చాలు. వంగకూ తేనెటీగ అంతగా పనికిరాదు. పువ్వును పట్టుకుని ఝుమ్మని వణికించి పుప్పొడి రాల్చేది తుమ్మెద.

కొత్తకుండీ: పెట్టె ఎంత పడిందండీ?

పాదులమిద్దె: సొర వదిలేయండి. దోస, కాకర, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి కదా?

నల్లరేగడి: మొదట సొర అన్నది మీరే. ఇప్పుడు మాట మారుస్తున్నారు.

పాదులమిద్దె: మాట మార్చలేదు! రోజూ ఆరింటికి దోసపాదు దగ్గర నిలబడి చూసేది నేను. మీకు తేనెటీగలంటే ఎందుకంత కోపం?

నల్లరేగడి: చెబుతాను. మా బిల్డింగ్‌లోనూ ఒకాయన ఇలాగే పెట్టాడు. ఏప్రిల్‌లో మా అమ్మ వడియాలు పెట్టడానికి పైకెళ్ళింది. ట్యాంకు పంపు కారుతోంది, దాని చుట్టూ ఈగలు. చెయ్యి కడుక్కోబోతే కుట్టాయి. మోచేతి దాకా వాచింది. డెబ్బై దాటిన మనిషి, మళ్ళీ మిద్దె ఎక్కలేదు. మీరు పెట్టేముందు ఎవరినైనా అడిగారా?

ఆకుకూర: ఎండాకాలం పెట్టె పక్కనే పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెడితే పంపు దగ్గరికి తక్కువ వస్తాయి.

పాదులమిద్దె: అమ్మగారి సంగతి విని బాధేసింది. నేను అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. కానీ గులాబీలకు మందు కొట్టే కింది ఫ్లాటాయన నన్ను అడిగాడా? మొన్న పొద్దున పెట్టె గుమ్మం ముందు గుప్పెడు ఈగలు, నాలుకలు బయటికి చాచి చచ్చిపడి ఉన్నాయి. కాగితంలోకి ఎత్తుతుంటే చేతులు ఆడలేదు.

నల్లరేగడి: ఆయన చేసింది తప్పే. మందు కొట్టేముందు చెప్పాలి. మిద్దె అందరిదీ అనేగా నేనూ అంటున్నది. వద్దంటారని తెలిసే పెట్టారు చూడండి, నా బాధల్లా అదే.

పాదులమిద్దె: ఆదివారం మీటింగ్‌లో ఇద్దరి సంగతీ పెడతాను. పళ్ళెం ఈరోజే పెట్టాను. పెట్టె మాత్రం తీయను.