డేవాకర్‌కి తెలుగు మాట కావాలి, మా అమ్మ ఒప్పుకునేది

గ్రూపులో పెద్దలు ఈ చిక్కు విప్పాలి. మొన్నాదివారం ఇంట్లో బ్లేడ్ 2 పెట్టా, అదే వెస్లీ స్నైప్స్‌ది, అమెరికాలో 2002 మార్చిలో హాళ్లలోకొచ్చి సెప్టెంబర్‌కల్లా డీవీడీ అయిపోయింది చూడండి, అది. అమ్మ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ అప్పుడప్పుడూ తలెత్తి చూస్తోంది, నేను మధ్యమధ్యలో తెలుగులో చెప్తున్నా. వాంపైర్ అంటే రక్తపిశాచి అన్నా, సరే అంది. డేవాకర్ దగ్గరికొచ్చేసరికి, అదే వాంపైర్లని వేటాడే హీరో బ్లేడ్‌కి సినిమాలో ఉన్న ఇంకో పేరు, పగలు తిరిగేవాడు అన్నా. "పగలు తిరగడం కూడా గొప్పేనట్రా, నువ్వూ తిరుగుతున్నావుగా పనీపాటా లేకుండా" అంది. నవ్వుకోండి పర్లేదు. అసలు సంగతేంటంటే వాడి తల్లి నిండు నెలల్తో ఉండగా రక్తపిశాచి కరిచింది, దాంతో వీడికి వాటి బలమూ వచ్చింది, రక్తం కోసం దాహమూ వచ్చింది, మిగతా వాంపైర్లని చంపే ఎండ మాత్రం వీణ్ణేం చెయ్యదు. ప్రహ్లాదుడికి కడుపులోనే హరిభక్తి అబ్బినట్టు వీడికి కోరలు అబ్బాయన్నమాట. ఇదంతా ఒక్క మాటలో పట్టాలి. నాకు తోచింది దివాచరుడు, నిశాచరుడికి ఎదురుమాట. ఏమంటారు?

↳ దివాచరుడు మాట బానే ఉంది గానీ సైన్సు పుస్తకం వాసనొస్తోందండీ. ఆ లెక్కన కాకీ దివాచరమే, మా పక్కింటి కోడీ దివాచరమే. నల్లకోటేసుకుని కత్తి దూసేవాణ్ణి తీసుకెళ్లి కోడి పక్కన కూర్చోబెడితే ఎట్లా

↳ అన్నా, తప్పు మాటది గాదు. మన దయ్యాలు పగలు గూడ తిరుగుతయి, అందుకే అమ్మకు అండ్ల గొప్పేం కనవడలే. మా నానమ్మయితే మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోనిచ్చేదే గాదు, రాత్రికన్న పన్నెండు గంటల ఎండకే ఎక్కువ భయపడేది. ఎండ తగిలితే కాలి బూడిదయ్యే దయ్యం మన కతలల్ల నేనైతే ఇనలే. ఇంకో ముచ్చట, 1897ల స్టోకర్ రాసిన డ్రాకులా గూడ పగటిపూట తిరుగుతడు, శక్తులు తగ్గుతయంతే, సావడు. ఎండకు సచ్చుడన్నది 1922ల వచ్చిన జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటుతోని షురూ అయింది. అంటే డేవాకర్ అన్న మాటకు బలం ఆ సినిమా ఇచ్చిన నమ్మకంల ఉన్నది, మనకు ఆ నమ్మకమే లేకపాయె.

↳ పై కామెంటుకి వంద లైకులు. నాకు రక్తపిశాచి మీదే ఇంకో అనుమానం. పిశాచం అంటేనే పిశితం తినేది, అంటే మాంసం తినేది అని వ్యుత్పత్తి చెప్తారు కదా, దానికి ముందు రక్తం తగిలిస్తే తిండీ తాగుడూ రెండూ ఒకేచోట పెట్టినట్టుంది. అమరకోశంలో, అదే పాత సంస్కృత నిఘంటువులో, రాక్షసుడి పేర్ల వరసలో అస్రపుడు అనుంది, రాక్షసః కౌణపః క్రవ్యాత్ క్రవ్యాదోఽస్రప ఆశరః అని. అస్రం రక్తం, ప అంటే తాగేవాడు. వాంపైర్‌కి ఇంతకన్నా సూటి మాటేముంది! కాకపోతే అస్రం అంటే కన్నీళ్లని కూడా ఇంకో అర్థం, అప్పుడు డైలీ సీరియల్ తీసేవాళ్లందరూ అస్రపులే. పోనీ రక్తప అందామా అంటే అమరంలోనే అది జలగ.

↳ బేతాళుడు వద్దా మరి?

↳ వద్దు. బర్టన్ అనే ఇంగ్లీషాయన 1870లో విక్రమార్కుడి కథలు ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు పేరులోనే బేతాళుణ్ణి వాంపైర్ చేసేశాడు, అక్కణ్ణుంచీ ఈ గందరగోళం. మన బేతాళుడు శవంలో దూరతాడు, కథ చెప్తాడు, ప్రశ్న వేస్తాడు, జవాబు చెప్తే చెట్టెక్కుతాడు. రక్తం ఎప్పుడు తాగాడండీ పాపం

↳ నేను కాస్త ఆలస్యంగా చూశాను. మీరంతా బ్లేడ్‌కి పేరు వెతుకుతున్నారు, ముందు మిగతావాళ్లకి పెట్టండి నాయనా, వాడి పేరు దానంతటదే వస్తుంది. గుడ్లగూబకి నిఘంటువుల్లో దివాంధం, దివాభీతం అని పేర్లున్నాయి. దివాభీతం అంటే పగటికి భయపడేది. వాంపైర్లందరూ దివాభీతులు. ఈ రెండో భాగం మొత్తం ఆ భయం మీదే నడిచింది కదా, కొత్తగా వచ్చిన రీపర్లు వాంపైర్లనే పీక్కుతింటాయి, వెల్లుల్లికీ లొంగవు వెండికీ లొంగవు, ఒక్క ఎండకే లొంగుతాయి, అందుకే గతిలేక వాంపైర్లు తమ శత్రువు బ్లేడ్ దగ్గరికే సాయానికొస్తారు. చివర్లో నిస్సా అనే అమ్మాయి చచ్చిపోయే ముందు సూర్యోదయం చూడాలంటుంది. దివాభీతకి పొద్దుపొడుపు చూడాలని కోరిక! ఈ మాటతో చెప్తే ఆ సీనుకే కొత్త బరువొస్తుంది, రక్తపిశాచి అంటే రాదు.

↳ ఆహా గురువుగారూ. మరి బ్లేడ్ అభీతుడా?

↳ పండితుల సభలో అయితే అను. పోస్టు పెట్టినాయన అమ్మగారి దగ్గర ఎండకు జంకనోడు చాలు.

↳ పోస్టు పెట్టింది నేనే. ఇప్పుడే వంటింట్లోకెళ్లి అమ్మకి చెప్పి వచ్చా, అవి గుడ్లగూబల్లాంటివమ్మా పొద్దు చూస్తే చస్తాయి, వీడొక్కడే ఎండకు జంకనోడు అని. "ఆ ముక్క మొదటే ఏడిస్తే సరిపోయేదిగా, మళ్లీ పెట్టు చూద్దాం" అంది. అస్రపుడు మాత్రం నా నోట్సులో రాసుకున్నా, ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టదు. ఇప్పుడు రీపర్‌కి ఎవరన్నా చెప్పండి, కోతగాడు అంటే నాకు మా ఊరి వరికోతలే కళ్లముందుకొస్తున్నాయి