పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఇంటి దగ్గరే ఆయిళ్లు మార్చడం: మూడు సందేహాలు

గేర్‌రాడ్:
బండి పాత డీజిల్. మాన్యువల్ గేర్‌బాక్స్, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలూ లాగేది). ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఈసారి గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ముందూ వెనకా డిఫరెన్షియళ్లు (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు) కూడా పెట్టుకున్నాను.
నాలుగింటికీ ఒకే గేర్ ఆయిల్, 80డబ్ల్యూ-90 (చిక్కదనం) జీఎల్-5 (ఆయిల్ తరగతి) పోసేయొచ్చా? వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) బిగుసుకుపోయింది, కింది డ్రెయిన్ ప్లగ్ తేలిగ్గా వచ్చేట్టుంది. ముందు ఖాళీ చేసేసి పైదాని సంగతి తర్వాత చూడొచ్చా? ట్రాన్స్‌ఫర్ కేస్ లెవెల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూసే మూత) విప్పగానే ఆయిల్ ధారకట్టింది. అందులో ఎవరూ అదనంగా పోయలేదు. ఎలా పెరిగింది?

పాతపానా:
డ్రెయిన్ ప్లగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పైది రాకపోతే ఖాళీ డిఫరెన్షియల్‌తో బండి అక్కడే కూర్చుంటుంది. గేర్‌బాక్స్ అయినా, ట్రాన్స్‌ఫర్ కేస్ అయినా ముందు పోసే రంధ్రం తెరుచుకోవాలి, ఆ తర్వాతే కిందది.

ప్లగ్‌కి చదరపు గుంట ఉంటే అందులో గట్టిపడిన మట్టిని మేకుతో పూర్తిగా గీకేయండి. పనిముట్టు సగం లోతే దిగితే మూలలు అరిగిపోతాయి, అక్కడితో పని రెట్టింపు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్ తల మీద సుత్తితో నాలుగైదు దెబ్బలు వేసి, ముందు వెంట్రుకవాసి బిగించి, ఆపైన విప్పండి. అప్పటికీ రాకపోతే హీట్ గన్‌తో (వేడిగాలి ఊదే పరికరం) ప్లగ్‌ని కాకుండా దాని చుట్టూ హౌసింగ్‌ని వేడి చేయండి. స్ప్రే తడి పూర్తిగా తుడిచాకే సుమా.

పోసేటప్పుడు బండి సమతలంగా ఉండాలి. ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి ఆయిల్ సన్నగా జారడం మొదలైతే నిండినట్టే. బండి మాన్యువల్ పుస్తకంలో ఉన్న లీటర్ల అంకె ఎంత కొనాలో తెలియడానికి, అసలు కొలత ఆ అంచే. చలికి ఆయిల్ చిక్కబడి చేతిపంపు ఎక్కకపోతే డబ్బాను కాసేపు వేడినీళ్ల బకెట్లో ఉంచండి.

ఇత్తడిరింగు:
ఒకే ఆయిల్ అన్నింటికీ వద్దు. డిఫరెన్షియల్లో హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదానిమీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారతాయి, అందుకే అక్కడ జీఎల్-5. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలు కలిపేవి) ఎక్కువగా ఇత్తడివి. జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం, భాస్వరం మందు కొన్ని రకాల్లో ఇత్తడిని తినేస్తుంది. పైగా జారుడు ఎక్కువై రింగు గేరు మీది కోన్‌ని పట్టుకోలేదు, గేరు వేస్తే కిర్రుమంటుంది. మాన్యువల్ పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 పోయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి మోడల్‌ని బట్టి మారుతుంది, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోస్తారు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా అదుపు చేసే రకం) అయితే దానికి తగిన ఆయిలే వాడాలి, లేకపోతే మలుపుల్లో క్లచ్ ప్లేట్లు టకటకమంటాయి.

బురదచక్రం:
మూడోదానికి ముందు గేర్‌బాక్స్ లెవెల్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్ పొంగుతుంటే, గేర్‌బాక్స్ అంతే తగ్గి ఉంటే, రెండింటి మధ్య షాఫ్ట్ సీల్ (ఆయిల్ దాటకుండా ఆపే రింగు) పోయినట్టు. కింద చుక్క కారదు కాబట్టి తెలియదు, గేర్‌బాక్స్ మాత్రం ఎండిపోతూ ఉంటుంది.

గేర్‌బాక్స్ నిండుగానే ఉంటే నీళ్లు చేరాయేమో చూడాలి. ఆయిల్ పాలు పోసిన టీలా కనిపిస్తే అదే. వేడెక్కిన కేసింగ్ వాగులో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది, బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే దారి) మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ లోటుకి సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి లాగేస్తుంది. ఆయిల్ మార్చిన రోజే యాక్సిళ్ల బ్రీదర్లు కూడా విప్పి ఊది చూడండి.

ఇంకో మాట. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్ మీద పట్టుకుంటుంది. వెనక ఒక్క చక్రం జాకీ మీద లేపితే అది ఒకవైపు, నేల మీది చక్రం ఇంకోవైపు తిరిగి, షాఫ్ట్ కదలకుండానే బండి దొర్లుతుంది. గేర్లో పెట్టినా అంతే. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరండి. అసలు ఈ బండ్ల ఎత్తుకి చాలాసార్లు జాకీయే అక్కర్లేదు.

గేర్‌రాడ్:
గేర్‌బాక్స్‌లో వేలికి ఆయిల్ తగల్లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ రంగు మామూలుగానే ఉంది, తెలుపు లేదు.

బురదచక్రం:
అయితే సీలే. అది మార్చేదాకా గేర్‌బాక్స్ లెవెల్ వారానికోసారి చూసి నింపండి, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పెరిగింది దించేయండి. రెండింటి డ్రెయిన్ ప్లగ్‌లకి అయస్కాంతం ఉంటే దాని మీది ముద్దను వేళ్ల మధ్య నలపండి. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గోటికి గుచ్చుకునే పలుకులు, రేకులు గేర్‌బాక్స్ ముద్దలో దొరికితే సీల్ ఒక్కటే మార్చి మూసేయొద్దు, బేరింగులూ పళ్లూ చూడాలి.

పాతపానా:
ప్లగ్‌లు తిరిగి పెట్టేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వేయండి. ప్లగ్ మరలు కొసకి సన్నబడుతూ ఉంటే దానికి వాషర్ ఉండదు. మరలకు సీలెంట్ రాసి మాన్యువల్ చెప్పినంతే బిగించండి, అల్యూమినియం హౌసింగ్ అయితే బలం పెట్టినకొద్దీ చీలుతుంది.