నాన్న ఫియట్ 85 వేలకి అమ్మాం, కొన్నవాడు నాలుగు నెలలకి 3 లక్షల 60 వేలకి యాడ్ పెట్టాడు. ఇది తప్పా కాదా?

ఏలూరురోడ్డు_89:
రెండు రోజులుగా మనసు మనసులో లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా నాన్నగారిది 1989 ప్రీమియర్ పద్మిని, క్రీమ్ కలర్, కొన్నప్పటి నుంచీ మా ఇంట్లోదే. పద్మిని అని మేం ఎప్పుడూ అనలేదు, మాకది ఫియటే. స్టీరింగ్ పక్కన గేరు, చలికాలం చోక్ లాగి స్టార్ట్ చేస్తే వరండా అంతా పెట్రోలు వాసన, నేను డ్రైవింగ్ నేర్చుకుంది దాని మీదే, అక్కని అత్తారింటికి పంపింది కూడా దాంట్లోనే. నాన్నకి 78 వచ్చాయి, చూపు తగ్గింది, బండి షెడ్డులో కదలకుండా ఉండి ఫ్లోర్ కింద తుప్పు పట్టింది, 2019లో 600 కట్టిన ఆర్సీ రెన్యూవల్‌కి 2024లో 5 వేలు కట్టాం, ఇంక మావల్ల కాదని అమ్మకానికి పెట్టాం.

ముందు ఒకాయన లక్షా పదికి అడిగాడు, బ్రోకర్ అని తెలిసి నాన్నే వద్దన్నారు. తర్వాత ఒక కుర్రాడు వచ్చి మా తాతగారికి ఇలాంటి కారే ఉండేదండీ, ఆయన గుర్తుగా ఇంట్లో ఉంచుకుంటాం, ప్రాణం పోయినా అమ్మం అన్నాడు, నాన్న కరిగిపోయి 85కి ఇచ్చేశారు, పైగా డిక్కీలో ఉన్న స్పేర్ కార్బొరేటర్ కూడా ఊరికే ఇచ్చారు. మొన్న మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. బెంగళూరులో కొనేవాళ్ళ కోసం యాడ్, ముదురు ఎరుపు రంగు కొట్టించి అల్లాయ్ వీల్స్ వేశాడు, "రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు కన్నబిడ్డలా చూసుకున్న కారు" అని రాసి కారు పక్కన నాన్న నిలబడ్డ ఫోటో పెట్టాడు, అది మేమే వాట్సాప్‌లో పంపిన ఫోటో. మీరేమంటారు?

ఆటోనగర్_కుర్రోడు:
అన్నా బాధ అర్థమైంది కానీ లెక్క కూడా చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు, పోయినేడాది ఒక ఫియట్ చేశాం, ఫ్లోర్ కోసి కొత్త రేకు వెల్డింగ్, టింకరింగ్, పెయింట్, సీట్లు, బీడింగులు, బంపర్లకి క్రోమ్, మొత్తం లక్షా డెబ్బై అయింది, అదీ ఇంజన్ ముట్టుకోకుండా. సామాన్ల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబర్‌లో ఆగిపోయింది, ఇంక విప్పిన సామాను కూడా దొరకదు. 85 ప్లస్ 170, రెండున్నర దాటింది, యాడ్‌లో మూడు అరవై పెడితే మూడుకి తెగుతుంది. షెడ్డులో తుప్పు పట్టిపోయేదాన్ని వాడు మళ్ళీ రోడ్డెక్కించాడు, అమ్మేశాక బండి వాడిది, ఏ రంగైనా కొట్టుకుంటాడు. లాభం తప్పంటే మా షెడ్లన్నీ మూసుకోవాలి.

బందరు_బాబాయ్:
ఫియట్ మీద లాభం కొత్తేం కాదు బాబూ. మా రోజుల్లో కారు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఆగాలి, డెలివరీ వచ్చినవాడు షోరూం రేటు మీద ఇంకొంత వేసుకుని అమ్ముకునేవాడు, అది ఊరందరికీ తెలిసిందే. కానీ ఇక్కడ సంగతి వేరు. లక్షా పది ఇస్తానన్నవాణ్ణి కాదని 85కి ఇచ్చారంటే మీ నాన్న 25 వేలు ఎందుకు వదులుకున్నట్టు? ఆ అబ్బాయి ఇచ్చిన మాటకి. పని చేసి లాభం తీసుకోవడం వ్యాపారం, తాతగారి పేరు చెప్పి పెద్దాయన దగ్గర రేటు తగ్గించుకోవడం మాత్రం మోసమే.

ఆటోనగర్_కుర్రోడు:
బాబాయ్ గారూ, బేరంలో అందరూ ఏదో ఒకటి చెప్తారండీ, నేనూ చెప్పాను. ఫోటో పెట్టడం మాత్రం తప్పే, ఒప్పుకుంటా.

గుంటూరు_వకీలు:
లాభం సంగతి అలా ఉంచండి, ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూశారా? ఇలా కొని అమ్మేవాళ్ళు పేరు మార్పు కాగితాలు, అంటే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని కొనేవాడి పేరు ఖాళీ ఉంచుతారు, తమ పేరుకి మార్చుకోకుండా నేరుగా మూడోవాడికి ఎక్కిస్తారు. ఈలోపు యాక్సిడెంట్ అయితే నోటీసు మీ నాన్నగారికే వస్తుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, కారు ఎన్ని చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్ళదే. చట్టం ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్ళు ఆర్టీఓకి తెలియజేయాలి. బెంగళూరు పోవాలంటే, వేరే రాష్ట్రం కాబట్టి, ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే కాగితం) కావాలి, దాని మీద సంతకం పెట్టారా?

తెనాలి_స్వాతి:
28 మీద పెట్టకపోతే పట్టు మీ చేతిలోనే ఉంది అన్నయ్యా, సంతకం కావాలంటే లాభంలో లక్ష ఇమ్మనండి. వాడు చేసిందానికి అది తక్కువే.

ఏలూరురోడ్డు_89:
వకీలు గారూ మీరు చెప్పాక ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో చూశాను, ఇంకా నాన్న పేరే ఉంది, వెన్నులో చలి పుట్టింది. 29, 30 మీద ఖాళీగానే సంతకాలు తీసుకున్నాడు, తప్పు మాదే, నమ్మేశాం. 28 మాత్రం పెట్టలేదు.

స్వాతి గారూ, డబ్బులు అడగను. అడిగితే నాన్న ఆ 25 వేలు వదులుకున్నదానికి అర్థమే లేకుండా పోతుంది. ఆటోనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్క నిజమే, ఆ పనికి మూడు లక్షలు వస్తే రానీ, నాకేం ఏడుపు లేదు. ఆయన ముందు కూర్చుని కాఫీ తాగి ఆ మాట చెప్పి, ఆ కథనే యాడ్‌లో అమ్ముకున్నాడే, అది మింగుడుపడట్లేదు.

నిన్న ఫోన్ చేసి రెండే అడిగాను, నాన్న ఫోటో తీసెయ్, ముందు నీ పేరుకి మార్చుకుని తర్వాత నీ ఇష్టం వచ్చినవాళ్ళకి అమ్ముకో అని. ఫోటో సాయంత్రానికి తీసేశాడు, పేరు మార్పుకి మాత్రం చూద్దాం అంటున్నాడు. సోమవారం అమ్మిన రసీదు కాపీతో ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చేస్తా.

నాన్నకి చెప్పకూడదనుకున్నా, మా అబ్బాయి చెప్పేశాడు. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ ఎరుపు చాలాసేపు చూశారు. కోపం చేసుకుంటారనుకున్నా. "స్టార్టింగ్ ట్రబుల్ పోయిందేమో కనుక్కోరా" అన్నారు.