అప్‌డేట్: గిల్రే వ్యంగ్యచిత్రానికి ఏ తేదీ వేయాలో తేలింది

మా సేకరణలో ఉన్న ఆంగ్ల వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్రే చిత్రం, అంటే బ్రిటన్ ప్రధాని విలియం పిట్, నెపోలియన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని భూగోళాన్ని పుడింగులా కోసుకుంటున్న చిత్రం, మీద 1805 ఫిబ్రవరి 26 అన్న తేదీ, ప్రచురణకర్త హన్నా హంఫ్రీ పేరు ఉన్నా కాగితం తీరు అనుమానం కలిగిస్తోందని, కేటలాగులో ఏ తేదీ వేయాలని ఇదివరకు అడిగాను. కుడి పైమూలను, కాగితం వెనకవైపును చూడమన్నవారికి హృదయపూర్వక కృతజ్ఞతలు.

మూలలో చిన్న అంకె ఉంది, వెనకవైపున మరో గిల్రే చిత్రం అచ్చయి ఉంది, రంగు మాత్రం ఎక్కడా లేదు. హంఫ్రీ దుకాణంలో కాగితానికి ఒకవైపే అచ్చువేసి, చేతితో రంగులద్ది అమ్మేవారు. 1815లో గిల్రే మరణించాక, కాలక్రమంలో ఆయన చిత్రాలు చెక్కిన రాగి పలకలు (వీటితోనే కాగితం మీద అచ్చువేస్తారు) హెన్రీ బోన్ అనే ప్రచురణకర్త చేతికి వచ్చాయి. బోన్ 1851 ప్రాంతంలో వాటినే మళ్లీ, మూలలో అంకెతో, కాగితానికి రెండువైపులా అచ్చువేయించారు. మా ప్రతి ఆ ముద్రణకు చెందినదే.

అలాగని పలక మీది 1805 తేదీని కేటలాగులో నేను కొట్టివేయలేదు. యజమాని పేరు, తేదీ పలక మీద ఉండాలన్నది 1735 నాటి బ్రిటిష్ చట్టం పెట్టిన నియమం. అందుచేత అది పలక చరిత్రకు సాక్ష్యం, ఈ కాగితం వయసుకు కాదు. రెండు తేదీలనూ వేర్వేరుగా నమోదు చేసి, బ్రిటిష్ మ్యూజియం కేటలాగు సంఖ్య 10371ను జతచేశాను. వెనకవైపు చిత్రానికి ప్రత్యేక నమోదు రాసి, రెండింటినీ ఒకే కాగితంగా ముడిపెట్టాను.