చెన్నైలో మునగడం భూతాపం వల్లా, చెరువులు పూడ్చడం వల్లా? మా అపార్ట్‌మెంట్‌కి ఏం చేయమంటారు?

నెల్లూరు టు వేళచేరి:
అందరికీ నమస్కారం. మేం వేళచేరిలో ఉంటున్నాం. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపానప్పుడు పార్కింగ్‌లో నడుం లోతు నీళ్లు నిలిచాయి, కరెంటు పోయింది, సంపులోకి మురుగు దిగి తాగడానికి చుక్క నీళ్లు లేకుండా పోయాయి. అప్పటినుంచి అల్పపీడనం అన్న మాట టీవీలో వినపడితే చాలు, జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తున్నారు. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ కోసం ఫోన్లు. అసోసియేషన్ మీటింగ్‌లో సగం మంది ఇది భూతాపం, మన చేతుల్లో ఏమీ లేదు అంటారు, మిగతా సగం చెరువులు ఆక్రమించడమే కారణం, వాతావరణ మార్పు అనేది వట్టి సాకు అంటారు. ఫండ్‌లో కొంచెం డబ్బుంది. కాంపౌండ్ గోడ ఎత్తు పెంచి పెద్ద మోటారు కొందామని ఎక్కువమంది పట్టు. నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పళ్లికరణై పక్కింటోడు:
రెండూ నిజమేనండి, దాని మీద గొడవ పడి లాభం లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కింద బంగాళాఖాతం కూడా వేడెక్కుతోంది కాబట్టి ఆ తేమకి కొదవుండదు, అందుకే నెలంతా పడాల్సిన వాన ఒకటి రెండు రోజుల్లో కుమ్మరించేయడం పెరుగుతోంది. 2015 డిసెంబర్ 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. అంత వానని తట్టుకునే కాలువ ఏ ఊళ్లోనూ ఉండదు.

కానీ ఆ నీళ్లు మీ పార్కింగ్‌లోనే ఎందుకు నిలిచాయో వేరే కథ. మన దక్షిణ చెన్నై చెరువుల అలుగు నీళ్లన్నీ పళ్లికరణై చిత్తడి నేలలోకి చేరి, అక్కడినుంచి ఒక్కియం మడువు అనే కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి ముట్టుకాడు వైపు సముద్రానికి పోవాలి. ఆ చిత్తడి నేల చాలావరకు చెత్తకుప్పలకీ, రోడ్లకీ, కట్టడాలకీ పోయింది, మిగిలింది 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లోకి ఎక్కింది, అది మంచిదే. ఒకప్పుడు మన ఆంధ్రా నుంచి పడవలు వచ్చిన ఆ బకింగ్‌హాం కాలువలోనే ఊళ్లో చాలా దూరం లోకల్ రైలు స్తంభాలు దింపారు. పైగా సముద్ర మట్టం పెరుగుతోంది, పోటు సమయంలో కాలువ సముద్రంలో కలిసేచోట నీళ్లు వెళ్లక వెనక్కి తన్నుతాయి. ఇక మీ మోటారుతో తోడి ఎక్కడ పోస్తారు చెప్పండి?

కొరట్టూరు అక్క:
గోడ ఎత్తు పెంచొద్దు తమ్ముడూ. ఆ నీళ్లు పక్క వీధిలోని చిన్న ఇళ్లలోకి పోతాయి. ముందు పార్కింగ్‌లో ఉన్న కరెంటు ప్యానెల్‌ని మొదటి అంతస్తుకి మార్పించండి, సంపు నోరు నాలుగడుగులు పైకి కట్టించి గట్టి మూత వేయించండి. వరదలో ప్రాణం తీసేది కరెంటు, తర్వాత రోగం తెచ్చేది ఆ సంపు నీళ్లే.

ఆ తర్వాత డాబా మీద వాన. 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి, మీ బిల్డింగ్‌లోనూ ఇంకుడు గుంత ఉండే ఉంటుంది, తెరిచి చూస్తే బురదతో నిండి ఉంటుంది. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటర్ వాన పడితే పదివేల లీటర్లు, అంటే ఒక పెద్ద ట్యాంకర్. చెన్నైకి ఏడాదికి 140 సెంటీమీటర్లు పడుతుంది, లెక్క మీరే వేసుకోండి. బీసెంట్ నగర్ లాంటి చోట ఇసుక, ఊరికే ఇంకిపోతుంది. మీ వైపు చాలాచోట్ల బంకమట్టి కాబట్టి డాబా నీళ్లు వడపోసి ముందు సంపుకి పట్టి, పొంగినవి ఇంకుడు బావిలోకి వదలండి.

రాత్రి షిఫ్ట్:
అక్కా, గౌరవంతోనే అడుగుతున్నా, ఇంకుడు గుంతలతో 49 సెంటీమీటర్ల వాన ఆగుతుందా? బొగ్గు కాల్చడం ఆపకుండా మనం గుంతలు తవ్వుకుంటూ కూర్చుంటే ఎలా? ఎండ సంగతి కూడా మాట్లాడండి, మే నెలలో పగలంతా పడుకుందామంటే ఉక్కకి నిద్ర పట్టదు. 2024లో వడగాడ్పుల్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించే దాకా వచ్చింది.

కొరట్టూరు అక్క:
ఆగదు బాబూ, అంత వానకి ఏదీ చాలదు. కానీ గుంతకీ బొగ్గుకీ సంబంధం ఉంది. 2019లో చెన్నై చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, అంతకు నాలుగేళ్ల ముందే కదా ఊరు మునిగింది. వాన నీళ్లు దాచుకోలేక నెమ్మేలి లాంటి ప్లాంట్లలో సముద్రం నీళ్లని మంచినీళ్లు చేసుకుంటున్నాం, ఉప్పు తీయడానికి బోలెడు కరెంటు కావాలి, మన కరెంటులో చాలా భాగం ఇంకా బొగ్గుదే. డాబా మీద పట్టుకున్న ప్రతి ట్యాంకర్ అంత కరెంటు మిగులుస్తుంది. బొగ్గు ఆపమని ప్రభుత్వాన్ని అడగాల్సిందే, పళ్లికరణై గురించి కూడా గట్టిగా అడగాలి, నేను కాదనడం లేదు. ఎండకైతే డాబాకి తెల్ల పెయింట్ వేయించండి, పై అంతస్తు వాళ్లకి తేడా తెలుస్తుంది.

నెల్లూరు టు వేళచేరి:
అందరికీ చాలా థాంక్స్. గోడ వద్దని, ముందు ప్యానెల్, సంపు పని పెట్టుకుందామని మీటింగ్‌లో చెప్తాను. ఇంకుడు బావి ఎంత లోతు తవ్వాలో ఎవర్ని అడగాలి అక్కా?

కొరట్టూరు అక్క:
మీ వీధిలో బోర్లు వేసినవాళ్లని పట్టుకో, ఎన్ని అడుగుల్లో ఇసుక తగిలిందో వాళ్లకి తెలుస్తుంది. బంకమట్టి దాటి ఆ ఇసుక పొర దాకా వెళ్లాలి. సెప్టెంబర్‌లోపు చేయించండి, అక్టోబర్ వచ్చాక కూలీలు దొరకరు.