ఆపి ఉన్న కారుకు సొట్ట పెట్టి "రోడ్డు మీద ఎందుకు పెట్టినావ్" అంటే, తిరిగి వాని కారు గీకడం తప్పా?

సీను_సాయినగర్ (అనంతపురం):
ఏమప్పా అందరూ ఒక మాట చెప్పండి. మాది సాయినగర్‌లో పాత ఇల్లు, లోపల కారు పట్టే జాగా లేదు, అందుకని మా కాంపౌండ్ గోడకు ఆనిచ్చినట్టే రోడ్డు పక్కన పెట్టుకుంటా, ఎన్నో ఏండ్ల నుంచి అదే తావు. నిన్న సాయంత్రం ఎదురింటాయన కొత్త కారు రివర్స్ తీస్తా తీస్తా నా స్విఫ్ట్ వెనక డోర్‌కి గుద్దినాడు. పక్కింటోళ్ళ కెమెరాలో మొత్తం పడింది. కిందికి దిగినాడు, నా సొట్ట చూసినాడు, తన బంపర్ మాత్రం కర్చీఫ్‌తో తుడుచుకున్నాడు, గమ్మున లోపలికి పోయినాడు. పొద్దున పోయి అడిగితే మొదట నేను కాదన్నాడు. వీడియో చూపిస్తే "రోడ్డు మీద పెట్టేది నువ్వు, దెబ్బలు తగలకుండా ఎట్లుంటాయి" అని గేటేసుకున్నాడు.

నాకు సొట్ట గురించి అంత బాధ లేదు, బండి పాతదే. ఆ గేటేసిన సౌండ్ మాత్రం చెవిలోనే ఉండాది. ఈ రాత్రికి తాళంచెవితో ఆ కొత్త కారుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీస్తే తప్పేముంది? లా సంగతి పక్కన పెట్టండి, న్యాయమా కాదా చెప్పండి.

కారందోసె_కడప:
గీకు సామీ. మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధి అయితాదని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. వాడు వచ్చి "అన్నా పొరపాటయింది" అనుంటే నువ్వే "పర్లేదులే" అని ఇడిసిపెట్టేవానివి. వీడియో ముందర పెట్టినా ఒప్పుకోలేదంటే ఇంక వానికి నోటితో చెప్పి లాభం లేదు. మూడు నాలుగు వేల సొట్ట కోసం కోర్టు చుట్టూ ఎవడు తిరుగుతాడు, తిరగలేవని వానికి బాగా తెలుసు, అందుకే ఆ ధైర్యం. వీధిలో ఇట్లాంటోళ్ళకు ఒక్కసారన్నా చెయ్యి కాలకపోతే రేపు ఇంకొకడి బండి, ఎల్లుండి ఇంకొకడిది.

షెడ్డు_మస్తాన్ (కర్నూలు):
పెయింటింగ్ పనిలో ఉన్నోణ్ణి, నా లెక్క నేను చెప్తా. నీకు తగిలింది ఒక్క డోర్, అంటే ఒక ప్యానల్. సొట్ట లాగి, పుట్టీ పెట్టి, ఆ ఒక్క డోర్ కొడితే పని అయిపోతాది. నువ్వు ఈ చివర నుంచి ఆ చివర దాకా గీకితే ముందు ఫెండరు, రెండు డోర్లు, వెనక క్వార్టర్ ప్యానల్, నాలుగు ప్యానల్స్ పోయినట్టు. కొత్త బండి, పెర్ల్ వైటో మెటాలిక్కో అయితే కలర్ మ్యాచింగ్ కూడా తలనొప్పి. వాడు చేసిందానికి నాలుగింతలు నువ్వు చేసినట్టు. ఇది సమానం ఎట్లయితాదో నాకర్థం కాలే. మా షెడ్డుకి కొన్ని బండ్లు వస్తాయి, గీత చూస్తానే తెలిసిపోతాది ఇది గోడకు తగిలింది కాదు, ఎవరో కోపంతో గీకింది అని. చెయ్యి ఎక్కడ గట్టిగా ఒత్తింది, ఎక్కడ వదిలింది అంతా కనపడతాది.

ఇంకోటి. ఎవరో ఒకరు వచ్చి పెట్రోల్ ట్యాంక్‌లో చక్కెర పొయ్యమంటారు చూడండి, ముందే చెప్తాండా, చక్కెర పెట్రోల్‌లో కరగదు. అడుగున కూర్చుంటాది, ఎక్కువయితే ఫిల్టర్ జామ్ అయితాది అంతే.

సీనూ, సొట్ట దగ్గర గీతలు పడుంటే వాటి మీద గోరు పెట్టి అడ్డంగా లాగు. గోరు గీతలో తట్టుకోకుండా జారిపోతే దెబ్బ క్లియర్ కోట్, అంటే రంగు మీదుండే మెరుపు పొర వరకే, రబ్బింగ్‌తో పోతాది. తట్టుకుంటే పెయింట్ కొట్టాల్సిందే.

సీను_సాయినగర్:
తట్టుకుంటాంది మస్తానన్నా. సొట్ట కూడా అరచెయ్యంత ఉండాది. నాలుగింతలు అన్నావు గానీ, ఆ అబద్ధం చెప్పిందానికి ఏ ప్యానల్ లెక్క?

లాయరక్క_సీక్యాంప్ (కర్నూలు):
లా పక్కన పెట్టమన్నావు తమ్ముడూ, పెట్టలేను, ఎందుకంటే ఇక్కడ లా లోనే నీ ప్రశ్నకు సగం జవాబుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో సెక్షన్ 324 ఇట్లాంటిదే, ఒకరి ఆస్తికి నష్టం చేయడం. అది నేరం కావాలంటే నష్టం చేయాలనే ఉద్దేశమన్నా ఉండాల, నష్టం జరుగుతుందని తెలిసైనా ఉండాల. ఎదురింటాయన రివర్స్‌లో చూసుకోకుండా గుద్దింది అజాగ్రత్త, ఈ సెక్షన్ కిందికి రాదు, సివిల్‌గా డబ్బు కట్టాల్సిన బాధ్యత ఉంటుంది. నువ్వు రాత్రి తాళంచెవి తీసుకొని పోయేది మాత్రం అచ్చంగా ఈ సెక్షనే. ఆరు నెలల దాకా జైలు లేదా ఫైన్ లేదా రెండూ, నష్టం 20,000 దాటితే రెండేండ్ల దాకా. మస్తాన్ చెప్పిన నాలుగు ప్యానల్స్ కొత్త బండికి షోరూమ్‌లో వేయిస్తే ఆ 20,000 దాటడం ఎంతసేపు? నిన్నటి దాకా ఆయన నీకు బాకీ. గీకిన మరుక్షణం నువ్వు ముద్దాయి, ఆయన ఫిర్యాదుదారు. నీ చేతిలో ఉన్న వీడియో కూడా నీకే ఎదురు తిరుగుతుంది, కోపానికి కారణం ఇదీ అని పోలీసులకు వేరే వెతికే పని లేకుండా.

ఆస్తి రక్షణ హక్కు ఉంది కదా అని కొందరు అంటారు. అది దాడి జరుగుతున్నప్పుడు ఆపడానికి. అయిపోయిన తర్వాత రాత్రి పూట పోయి చేసేది దాని కిందికి రాదు.

కారందోసె_కడప:
అక్కా ఒక్క నిమిషం. తెలిసి చేస్తేనే నేరం అంటాండారు, సరే. గుద్దింది తెలియక, ఒప్పుకుంటా. కానీ దిగి చూసి, బంపర్ తుడుచుకొని, ఏం చెప్పకుండా పోయింది తెలిసే కదా? పొద్దున లేచి నేను కాదన్నది తెలిసే కదా? ఆ రెండోదానికి మీ పుస్తకంలో సెక్షన్ లేకపోతే ఆ ఖాళీ ఎవరు పూడ్చాల? దానికే తాళంచెవి అంటాండా నేను.

లాయరక్క_సీక్యాంప్ (కర్నూలు):
మంచి పాయింటే, కాదనను. నిజంగా ఈ తగాదాలో చెడ్డ పని ఆ రెండోదే. కానీ దానికి శిక్ష ఎంతో నిర్ణయించేది కోపంలో ఉన్న మనిషి ఒక్కడే అయితే, ఎంత దగ్గర ఆగాలో చెప్పేవాడు ఉండడు. సీను మొదటి పోస్టులోనే చూడండి, ఒక డోర్ సొట్టకు "ఈ చివర నుంచి ఆ చివరకు" అన్నాడు.

బెజవాడ_బుల్లోడు:
అనంతపురం కదా బ్రో, గీత ఏంటి, సుమోలు వేసుకుని వెళ్ళాలి గానీ 😂

ఉగ్గాని_ప్రియ (అనంతపురం):
బుల్లోడూ, ఆ జోకులు మీ సినిమాల దగ్గరే పెట్టుకో. ఇక్కడ నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తాదా అని బిందెలు పెట్టుకొని చూసే జనం ఉండారు, సుమోల్లో తిరిగే జనం కాదు.

సీనన్నా, గీకొద్దు, టైర్ల గాలి తీస్తే ఏం పోతాది, డ్యామేజీ లేదు కదా అని ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెప్తాండా. మన ఊర్లో బండి తీస్తే హైవే 44 ఎక్కడమే, బెంగళూరుకో కర్నూలుకో. చాలామంది తెల్లవారుజామున చీకట్లోనే బయలుదేరతారు. నాలుగూ పూర్తిగా తీసేస్తే వాళ్ళకు కనపడతాది, సరే. ఒక టైర్లో సగం గాలి తీసినావనుకో, చూసుకోకుండా హైవే ఎక్కి స్పీడ్‌లో పోతే టైర్ వేడెక్కి పగులుతాది. ఆ బండిలో ఉండేది ఆయన ఒక్కడేనా? భార్య, పిల్లోళ్ళు, ఆస్పత్రికి పోయే ముసలాయన. తప్పు చేసినోడు ఒకడు, బండిలో కూర్చునేది ఇంటిల్లిపాది. కోపం ఎవని మీదో వానికే తగిలేటట్టు చేసే మార్గం బండిలో లేదు.

టవర్‌క్లాక్_రిటైర్డ్ (అనంతపురం):
నేను చెప్పేది ఎవరికీ నచ్చదు. రోడ్డు ఎవరి సొత్తూ కాదు. ఎన్నో ఏండ్ల నుంచి అదే తావు అన్నాడు అబ్బాయి, ఆ మాటలోనే ఉంది తప్పు. సందులో రెండు పక్కలా కార్లు పెట్టుకుంటే మధ్యలో ఆటో పోవాలన్నా, అంబులెన్స్ పోవాలన్నా ఇబ్బందే. ఇంట్లో జాగా లేనప్పుడు కారు కొనే ముందే ఆలోచించుకోవాల. ఎదురింటాయన నోటి దురుసు మనిషే, కానీ ఆయన అన్న మాటలో రవ్వంత నిజం ఉంది.

సీను_సాయినగర్:
పెద్దాయనా, మీరు చెప్పినట్టు రోడ్డు నాది కాదు. డోర్ అయితే నాదే కదా! రోడ్డు మీద నడిచే మనిషిని గుద్ది "నువ్వు రోడ్డెక్కినావు కాబట్టి" అంటే ఒప్పుకుంటారా? పైగా ఆయన రెండో బండి కూడా రోడ్డు మీదే ఉంటాది, మా గేటుకు అడ్డంగా.

టవర్‌క్లాక్_రిటైర్డ్ (అనంతపురం):
డోర్‌కి డబ్బు కట్టాల్సిందే, అది నేనూ అంటాను. రోడ్డు మీద పెట్టడం నీ తప్పే అయినా గుద్దే హక్కు ఆయనకు రాదు. నేను అడిగేది, సొట్ట తగిలినప్పుడు నీకు అంత ఆశ్చర్యం ఎందుకు అని.

వాట్సాప్_వెంకటేసు (కడప):
ఇన్ని మాటలు ఎందుకు, ఆ వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో వేసేయండి, బంపర్ తుడుచుకునేది స్లో మోషన్‌లో. సాయంత్రానికి వాడే వచ్చి కాళ్ళు పట్టుకుంటాడు. గీతకు పెయింట్ వేస్తే పోతాది, పరువు పోతే ఏ షెడ్డులోనూ కొట్టరు.

ఉగ్గాని_ప్రియ (అనంతపురం):
అంటే అది ఇంకా పెద్ద దెబ్బ అని నువ్వే ఒప్పుకుంటాండావు కదా. గ్రూపులో వేసినాక అది కాలనీలో ఆగుతాదా? పాటలు తగిలిస్తారు, ఇంకో పది గ్రూపులకు పోతాది, ఆయన కూతురు కాలేజీలో ఎవడో చూపిస్తాడు. వీడియో నిజమే, కానీ వేసినాక దాన్ని వెనక్కి తీసుకోలేవు.

కారందోసె_కడప:
ఇది మరీ అన్యాయం ప్రియక్కా. గీకొద్దు అంటావు, గాలి తీయొద్దు అంటావు, వీడియో కూడా వద్దంటే బాధపడినోడు ఏం చేయాల, పోయి దండం పెట్టాలా? పబ్లిక్ రోడ్డు మీద చేసిన పనిని పబ్లిక్‌కి చూపిస్తే తప్పేంది? నేను ఒక్కటి దిగొస్తా, తాళంచెవి వదిలెయ్. వీడియో మాత్రం వదలొద్దు.

లాయరక్క_సీక్యాంప్ (కర్నూలు):
వీడియో వాడుకో, కానీ పాటలు, తిట్లు లేకుండా. కాలనీ అసోసియేషన్ పెద్దలు ఇద్దరిని పిలిచి ఆయన ఎదురుగానే చూపించు. ఊరంతా చూడాల్సిన పనిలేదు, ఆయన ఎవరి ముందు అబద్ధం చెప్పలేడో వాళ్ళు చూస్తే చాలు.

డబ్బు సంగతి. కారు రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146. అందులో ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి కూడా కవర్ ఉంటుంది, ప్రైవేట్ కార్లకు మామూలుగా 7.5 లక్షల దాకా. అంటే ఆయన జేబులోంచి ఒక్క రూపాయి తీయకపోయినా నీకు హక్కు ఉంది, కాకపోతే దానికి ట్రిబ్యునల్ దాకా పోవాల, ఇంత చిన్న సొట్టకు ఎవరూ పోరు. నీ సొంత బండి నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజీ పాలసీ ఉంటే అందులో క్లెయిమ్ చేసుకోవచ్చు, కానీ నీది 1500 సీసీ లోపు బండి కాబట్టి మొదటి 1,000 నువ్వే పెట్టుకోవాల, పైగా నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. క్లెయిమ్ లేకుండా ఐదేండ్లు దాటి ఉంటే అది 50 శాతం దాకా ఉంటుంది. డోర్ ఖర్చు, పోయే బోనస్ రెండూ పక్కపక్కన రాసి చూసుకో, చాలాసార్లు క్లెయిమ్ చేయకపోవడమే లాభం.

ఇంకో దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, కోర్టు కాంపౌండ్‌లోనే ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ ఇవ్వొచ్చు, లోక్ అదాలత్‌కు పెడతారు, కోర్టు ఫీజు ఉండదు. ఆయనకు ఇంటికి నోటీసు వస్తుంది. గేటేసుకున్న చాలామంది ఆ కవరు చూసినాక గేటు తీస్తారు.

కారందోసె_కడప:
ఇంక ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి అడుగుతాండా, ఒకవేళ సీను గీకినాడే అనుకో, ఆ ఎదురింటోడు కూడా క్లెయిమ్ చేసుకుంటాడు కదా?

షెడ్డు_మస్తాన్ (కర్నూలు):
మళ్ళా చెప్పాల్నా. కొత్త బండికి చాలామంది బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. గీకింది ఎవరో తెలియకపోయినా క్లెయిమ్ వస్తాది. కంపెనీ నాలుగు ప్యానల్స్ కొట్టిస్తాది, ఆయన బండి మళ్ళా కొత్తదయితాది, పోయేది ఆయన బోనస్ కొంచెం. నువ్వు ఆ సొట్టతోనే తిరుగుతావు.

సీను_సాయినగర్:
ఈ లెక్క మాత్రం ముందు తోచలేదు. సరే, తాళంచెవి ఇంట్లోనే ఉంటాది. కానీ కారందోసె అన్న చెప్పిందే కరెక్టని ఇప్పటికీ నా ఫీలింగ్, ఆయనకు ఏదో ఒకటి తగలాల. అసోసియేషన్ సెక్రటరీ మా మామకు క్లాస్‌మేటే, ఆయన్ని పిలుస్తా. ఒప్పుకోకపోతే నోటీసు. వీడియో గ్రూపులో వేసేది చివరికి పెట్టుకుంటా, వెయ్యనని మాత్రం మాటియ్యను.

టవర్‌క్లాక్_రిటైర్డ్ (అనంతపురం):
పిలిచినప్పుడు మీ గేటుకు అడ్డం పెట్టే ఆయన రెండో బండి సంగతి కూడా మాట్లాడుకోండి. నీ బండి సంగతి కూడా.

షెడ్డు_మస్తాన్ (కర్నూలు):
నోటితో పోయి "ఇంత ఇయ్యి" అంటే బేరం పెడతాడు. మీ అనంతపురంలోనే ఏదన్నా షెడ్డులో కాగితం మీద ఎస్టిమేట్ రాయించుకో, డెంటింగ్ వేరే, పెయింటింగ్ వేరే లైన్‌లో, షెడ్డు స్టాంపుతో. రేపు ఆదివారం, చాలా షెడ్లు మూసుంటాయి, సోమవారం పొద్దున్నే పో. ఆ లోపల సొట్ట మీద కాకుండా కొంచెం దూరం నుంచి నంబర్ ప్లేట్ కూడా పడేటట్టు ఫోటోలు తీసి పెట్టుకో, వానొస్తే దుమ్ము కారి గీతలు సరిగ్గా కనపడవు.