‘ఇన్యూట్ యాజమాన్యం’ అన్న మాట టెండర్ల కోసమేనా, ప్రకటన రాతలోనూ తేడా తెస్తుందా?

ప్రశ్న

నేను ప్రకటనల రంగంలో కాపీరైటర్‌గా పనిచేస్తున్నాను. కెనడా ఉత్తరాన ఉన్న నూనావుట్‌లో, ఆర్కిటిక్ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌లే యజమానులుగా ఉన్న ఒక మార్కెటింగ్, కమ్యూనికేషన్ల సంస్థ గురించి చదివినప్పటి నుంచి ఒక సందేహం వదలడం లేదు. 2021 జనగణన ప్రకారం అక్కడి జనాభా 36,858 మాత్రమే. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నేలపై వారు 25 ఊళ్ళలో ఉంటారు, ఆ ఊళ్ళను కలిపే రోడ్లు కూడా లేవు. ఇంత చిన్న మార్కెట్టులో ఒక ఏజెన్సీకి పని ఎక్కడి నుంచి వస్తుంది? యజమానులు ఇన్యూట్ కావడం వల్ల ప్రకటన రాతలో నిజంగా ఏమైనా మారుతుందా, లేక అది కాంట్రాక్టులు గెలుచుకోవడానికి పెట్టుకున్న ముద్రేనా?

మొదటి జవాబు

ముందుగా ఒక చిన్న సవరణ చెప్పనివ్వండి. ‘ఇన్యూట్’ అన్నదే బహువచనం, ఒక్కరైతే ‘ఇనుక్’ అంటారు కాబట్టి ‘ఇన్యూట్‌లు’ అనవలసిన పని లేదు.

పని విషయానికి వస్తే, అక్కడ సబ్బులు, శీతల పానీయాలు అమ్మిపెట్టే ఏజెన్సీని ఊహించుకోకండి. ప్రభుత్వ శాఖలు, ఇన్యూట్ సంఘాలు, గనుల కంపెనీలు, విమాన సంస్థలు జనానికి ఏదో ఒకటి చెప్పవలసి వస్తూనే ఉంటుంది, పని అక్కడి నుంచే పుడుతుంది. ఇన్యూట్‌కూ కెనడా ప్రభుత్వానికీ మధ్య 1993లో సంతకాలైన నూనావుట్ ఒప్పందంలోని 24వ అధికరణం ప్రభుత్వ కాంట్రాక్టులలో ఇన్యూట్ సంస్థలకు అవకాశం పెంచాలని చెబుతుంది. లిమిటెడ్ కంపెనీ అయితే ఓటు హక్కు గల వాటాలలో కనీసం 51 శాతం ఇన్యూట్ చేతిలో ఉండాలి. కాబట్టి మీ అనుమానంలో సగం నిజమే, ఆ ముద్రకు టెండర్లలో విలువ ఉంది. కాగితం మీద 51 శాతం చూపించి పనంతా కెనడా దక్షిణాది నగరాలలో చేయించుకునే వారి మీద విమర్శలు కూడా ఉన్నాయి.

అయితే అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. 2008 నాటి ఇన్యూట్ భాషా పరిరక్షణ చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా తమ బోర్డులు, వాణిజ్య ప్రకటనలు ఇన్యూట్ భాషలో ఇవ్వాలి, ఆ పాఠం పక్కనున్న ఇతర భాషల పాఠం కంటే చిన్నగా కనిపించకూడదు. కాబట్టి ఇంగ్లిషులో పెద్ద శీర్షిక పెట్టి, కింద సన్నటి అక్షరాలతో అనువాదం అతికిస్తే సరిపోదు.

రెండవ జవాబు

నేను అనువాదకురాలిని, కాబట్టి భాష గురించి మాత్రమే చెబుతాను. ‘నేను విమానాశ్రయానికి వెళ్ళవలసి ఉంటుంది’ అన్న వాక్యం మొత్తం ఇన్యూట్ భాష అయిన ఇనుక్టిటుట్‌లో ‘కంగతసూక్కువిమ్మూరియకలాక్తుంగ’ అన్న ఒకే పదంగా చెప్పవచ్చు. ఇంగ్లిషు శీర్షిక కోసం గీసిన డిజైనులో ఇలాంటి పదం ఎక్కడ విరగ్గొట్టాలో ఆ భాష తెలియని డిజైనరుకు తోచదు. లిపి మరో చిక్కు. సిలబిక్ లిపిలో ఒకే త్రికోణపు గుర్తు కొన పైకి ఉంటే ‘పి’, కుడికి తిరిగితే ‘పు’, ఎడమకు తిరిగితే ‘ప’ అవుతుంది. మన గుణింతంలోలాగా తలకట్టూ కొమ్మూ మారవు, అక్షరమే ఒళ్ళు తిప్పుకుంటుంది. అందం కోసం ఎవరైనా ఒక గుర్తును అద్దంలో బొమ్మలా తిప్పితే పదమే మారిపోతుంది. పైగా పశ్చిమాన కుగ్లుక్టుక్, కేంబ్రిడ్జ్ బే వంటి ఊళ్ళలో మాట్లాడే మరో ఇన్యూట్ భాషా రూపమైన ఇనుయిన్నక్తున్‌ను రోమన్ లిపిలో రాస్తారు కాబట్టి ఒకే పోస్టరు అన్ని ఊళ్ళకూ పనికిరాదు.

2009లో కెనడా ప్రధానమంత్రి కార్యాలయం ఒక పత్రికా ప్రకటనలో రాజధాని ఇకాలుయిట్ పేరు రాస్తూ ‘క్యూ’ తర్వాత అలవాటు కొద్దీ ఒక ‘యు’ చేర్చింది. ‘చేపలు పుష్కలంగా ఉండే చోటు’ అని అర్థమిచ్చే పేరు ఆ ఒక్క అక్షరంతో ‘పిర్రలు కడుక్కోని జనం’ అనే అర్థానికి దిగజారింది. అక్కడ పుట్టి పెరిగిన వారు ఒక్కరు చూసి ఉంటే ఆ కాగితం బయటికి వెళ్ళేది కాదు.

ప్రశ్న అడిగినవారు

వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఏ ఏజెన్సీ అయినా మంచి అనువాదకులను పెట్టుకుంటే చాలు కదా? యాజమాన్యం దాకా వెళ్ళడం ఎందుకు?

మూడవ జవాబు

ఆ అనువాదం బాగుందో లేదో చెప్పగలిగే వారు కార్యాలయంలో ఉండాలి కదండీ. 2022 సెప్టెంబరులో మెర్బోక్ తుపాను అలాస్కా పశ్చిమ తీరాన్ని దెబ్బతీసినప్పుడు, సహాయానికి దరఖాస్తు ఎలా చేసుకోవాలో తెలిపే పత్రాలను అక్కడి ఆదివాసీ భాషలలోకి అనువదించే పనిని అమెరికా ప్రభుత్వం ఒక సంస్థకు అప్పగించింది. వచ్చిన పత్రాలలో ‘రేపు తెల్లవారకముందే వేటకు వెళ్తాడు, ఏమీ తీసుకురాడు’ అన్న ధోరణి వాక్యాలు కనిపించాయి. రష్యా దూరప్రాచ్యంలో దశాబ్దాల క్రితం సేకరించిన జానపద పాఠాల నుంచి ముక్కలు ఏరి, వరుస కలిపి పెట్టారని తర్వాత బయటపడింది. ఒక పత్రమైతే కెనడా ఇనుక్టిటుట్ సిలబిక్ లిపిలో ఉంది, అలాస్కాలో ఆ లిపి వాడకంలోనే లేదు. ఇల్లు మునిగినవారి చేతికి అందిన కాగితాలు అవి!

ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్న నిర్ణయం అనువాదకుల చేతిలో ఉండదు, అది యజమాని బల్ల దగ్గర జరుగుతుంది. సీల్ అనే సముద్ర జంతువు మాంసం కోస్తున్న ఫోటో వస్తే దక్షిణాది ఏజెన్సీ భయపడి పక్కన పెడుతుంది, ఇనుక్ యజమానికి మాత్రం అది ఇంట్లో భోజనానికి ముందు కనిపించే దృశ్యం. 2009లో ఐరోపా సమాజం (నేటి ఐరోపా సమాఖ్య) సీల్ ఉత్పత్తులను నిషేధించినప్పుడు ఇన్యూట్ వేటకు మినహాయింపు ఇచ్చింది, అయినా తోళ్ళ ధర పడిపోయింది. 2014లో ఇన్యూట్ సీల్ తోలు దుస్తులు ధరించి ‘సీల్ఫీ’ పేరుతో తమ ఫోటోలు తామే పెట్టుకోవడం మొదలుపెట్టారు. దాని వెనుక ఏ ఏజెన్సీ బ్రీఫూ లేదు, కానీ దక్షిణాది ఏజెన్సీ ఏదీ అలాంటి ఆలోచనను క్లయింటు ముందు పెట్టి ఉండేది కాదని నా నమ్మకం.

మీరు ఆ సంస్థల పనిని పరిశీలించదలిస్తే పోస్టర్ల కంటే ముందు రేడియో స్పాట్లు వినండి. ఊరి రేడియోలో ఇనుక్టిటుట్‌లో వినిపించే అర నిమిషపు మాట వంటింట్లో ఉన్న పెద్దావిడకు కూడా అందుతుంది, వెబ్‌సైటు బ్యానరు ఆవిడ దాకా చేరదు.